నల్లరేగడి చేనిలో జీవవైవిధ్యము

శ్రీశైల యాత్రకై మార్కాపురము, దోర్నాలల మీదుగా పోవు భక్తులు నల్లమల ఘాటురోడ్డు ఎక్కగానే అటవీశాఖవారి బోర్డులను చూతురు. రాత్రివేళ వాహనములు పోరాదనియు, ఇది పులుల అభయారణ్యమనియు వానియందు వ్రాసియుండును. నాగార్జునసాగర్-శ్రీశైలము అభయారణ్యము మన దేశమున పులుల రక్షణకై ఏర్పడిన వనములలో మిక్కిలి పెద్దది. జీవవైవిధ్యమను మాట వినగానే చదువుకొన్నవారికి స్ఫురించునది ఇట్టి అడవియే. కొండ దిగి వినుకొండ, నరసరావుపేట, చిలకలూరిపేటల వైపు మైదానమునకు వచ్చుసరికి ఆ మాటను మరచిపోవుదురు. బాటకిరువైపుల పత్తియు, మిరపయు తప్ప మరేమియు కానరాని చోట రక్షింపదగిన ప్రాణులేమి యుండునని తలతురు.

ఆ తలంపు ఎంత ప్రమాదకరమైనదో పాత గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి రైతులు 1980 తరువాతి పదేండ్లలో అనుభవపూర్వకముగ తెలిసికొనిరి. పులుల సంఖ్య తగ్గినచో పత్రికలు వ్రాయును. ప్రభుత్వము సంఘమును నియమించును. చేనిలోని అక్షింతల పురుగులు నశించినప్పుడు ఎవ్వరును గమనింపలేదు. కాని ఆ నష్టము నేరుగ రైతు ఇంటి తలుపు తట్టినది.

జీవవైవిధ్యమనగా ఒకచోట పెక్కు జాతుల ప్రాణులుండుట మాత్రమే కాదు. ఒకే జాతిలో పెక్కు రకములుండుటయు అందు చేరును. పత్తిలో పలు తెగలు, జొన్నలో పలు తెగలు ఉండుట ఇట్టిది. ఆ ప్రాణులన్నియు ఒకదాని నొకటి ఆశ్రయించి బ్రతుకు తావులును అందు చేరును. 1992లో రియో డి జనీరో నగరమున ప్రపంచ దేశములు సమావేశమై ఒడంబడిక కుదుర్చుకొన్న పిదప ఈ మాట వాడుకలోనికి వచ్చినది. మాట క్రొత్తదేగాని వస్తువు ప్రాతది. మన పెద్దలకు ఆ వస్తువు తెలియును. మాటతో వారికి పని లేకపోయెను.

పూర్వము నల్లరేగడి మెట్టచేను ఎట్లుండెడిదో డెబ్బది యేండ్లు దాటిన రైతును అడిగినచో చెప్పగలడు. జొన్న సాళ్ళ నడుమ కంది సాలు, చేని చుట్టును ఆముదము, ఒకవైపు వరిగయో కొర్రయో, గట్టుమీద వేప, తుమ్మ. ఒక పంట పోయినను మరియొకటి ఇంటికి చేరెడిది. పత్తియు వేసెడివారు. అది దేశవాళీ పత్తి. గుంటూరు, కృష్ణా ప్రాంతములలో పండిన ఒక తెగ పత్తికి వర్తకులు ‘కోకనాడ’ పత్తియని పేరిడిరి. కాకినాడ రేవునుండి ఎగుమతి యగుటచే ఆ పేరు వచ్చినది. దాని దూది తెల్లనిది కాదు. గోధుమవన్నెలో కొంచెము ఎరుపు కలిసి సహజముగనే రంగు గలిగియుండెడిది. వేరు లోతుగ దిగుటచే వానలు వెనుకబడినను మొక్క తట్టుకొనెడిది. ఆకుల రసము పీల్చు పురుగులు దానినంతగా బాధించెడివి కావు. లోపమొక్కటే, దాని పోగు పొట్టిది. నూలుమిల్లులకు కావలసినది పొడవు పోగు.

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదలిరి. మెట్టలకు తడి అందెను. 1970లో సూరత్ పరిశోధన కేంద్రమున ప్రపంచములోనే మొదటి వాణిజ్య సంకర పత్తి హెచ్-4 విడుదలయ్యెను. ఎమ్.సి.యు.-5 వంటి పొడవు పోగు రకములు కోస్తా మైదానమునకు వచ్చెను. ఇవన్నియు అమెరికా ఖండము నుండి వచ్చిన పత్తి జాతికి చెందినవి. దిగుబడి హెచ్చు, ధర హెచ్చు. రైతులు దానిని తెల్లబంగారమనిరి. ఆ మాటలో అసత్యము లేదు. ఆ పత్తితో పెంకుటిండ్లు డాబాలైనవి. పిల్లలు పట్టణములలో చదువుకొనిరి. క్రొత్త పంటను నిందించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము కాదు. మిరపకాయయు అమెరికా నుండి వచ్చినదే కదా. పోర్చుగీసువారు తెచ్చు వరకు మన కారము ముఖ్యముగ మిరియమే. గుంటూరు సన్నము నేడు జగత్ప్రసిద్ధము. క్రొత్తది వచ్చుటలో దోషము లేదు. వచ్చిన క్రొత్తది తక్కిన సర్వమును త్రోసివేసి ఊరంతయు తానే అయినప్పుడు చిక్కు మొదలగును.

అదియే జరిగినది. జొన్న పోయెను, వరిగ పోయెను, గట్టు ఆముదము పోయెను. కనుచూపు మేర ఒకే పత్తి. పత్తిని తిను పురుగునకు అది అన్నసత్రము వంటిదయ్యెను. శనగపచ్చ పురుగు కాయలను తొలుచుచుండగా రైతులు మందు చల్లసాగిరి. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్లను క్రొత్త మందులు అంగడికి వచ్చెను. చేమంతి జాతికి చెందిన ఒక పూవులో సహజముగ పురుగులను చంపు పదార్థము కలదు; దానిని చూచి రసాయనశాలలో కల్పించినవే ఈ మందులు. చల్లినంతనే పురుగు క్రింద రాలెడిది. కొలది మోతాదు చాలును. ఆరంభమున రైతునకు అది అమృతమువలె తోచెను. వారమున కొకమారు, పిదప నాలుగు దినముల కొకమారు, ఇట్లు ఒక పంటకు పదిహేను ఇరువది మార్లు చల్లినవారును కలరు.

ఆ మందునకు మిత్రుడు, శత్రువు అను భేదము తెలియదు. పత్తిచేనిలోని పురుగులన్నియు పత్తిని తినునవి కావు. అక్షింతల పురుగు పేరునకు తగినట్లు అక్షింతలవలె చిన్నదై, పసుపు ఎరుపు వన్నెలపై నల్లచుక్కలు గలిగి, పేనుబంకను మేయును. దాని పిల్ల మొసలి ఆకారమున నుండుటచే తెలియనివారు చీడయని తలచి నలిపివేయుదురు. అల్లికరెక్కల పురుగు సన్నని కాడ చివర ఒక్కొక్క గ్రుడ్డును నిలిపి పెట్టును. దాని పిల్లలు పచ్చదోమను, చిన్న లద్దెపురుగులను పట్టి రసము పీల్చును. ట్రైకోగ్రామా అను కందిరీగ జాతి జీవి గుండుసూది తలకంటె చిన్నది. శనగపచ్చ పురుగు గ్రుడ్డులోపలనే తన గ్రుడ్డు పెట్టి, ఆ పురుగు పుట్టకముందే దానిని కడతేర్చును. ఆకుల నడుమ సాలీళ్ళు, నేలమీద చీమలు, పైన పసులపోలిగాడు, పాలపిట్ట, గోరువంక ఇవన్నియు కూలి కోరక పనిచేయు కావలివారు. వీరి లెక్క ఏ కరణము చిట్టాలోనికి ఎక్కలేదు.

ఇక తెల్లదోమ కథ. ఇది పత్తి ఆకు అడుగుభాగమున వ్రాలి రసము పీల్చు అతి సూక్ష్మమైన పురుగు. చేనిలో అది అనాదిగ కలదు. కాని దానిని చీడగా ఎవ్వరును ఎన్నలేదు. దాని పిల్లలపై గ్రుడ్లు పెట్టి నశింపజేయు చిన్ని కందిరీగలు దాని నడచియుంచెడివి. మందుదెబ్బకు ఆ కందిరీగలు నశించెను. తెల్లదోమ మాత్రము ఆకు అడుగున దాగి మందు తగులక తప్పించుకొనెను. వేడిమిలో సుమారు మూడు వారములకే దానికి క్రొత్త తరము పుట్టును. 1984-85 మొదలుకొని గుంటూరు, ప్రకాశము పత్తిచేలలో అది మంచువలె క్రమ్మెను. మొక్కను కదలించినచో తెల్లని దుమ్ము లేచినట్లు ఎగిరెడిది. అది విసర్జించు తీపి జిగురుపై నల్లని బూజు పట్టి ఆకులు మసి పూసినట్లయ్యెను. విచ్చిన దూది జిగటయై కొనువారికి పనికిరాకపోయెను. తెల్లదోమను రైతులు పిలువలేదు. దానిని అణచియుంచిన సేనను తామే చంపుకొనిరి. మందు వలన చీడ పుట్టుట యనునది పల్లెవారికి అప్పటి వరకు వినని వింత.

శనగపచ్చ పురుగు సంగతి వేరు. వేలకొలది పురుగులలో పుట్టుకతోనే ఆ మందును తట్టుకొను శక్తి గలవి కొన్ని యుండును. మందు చల్లినప్పుడు బలహీనములైనవి చచ్చును; ఆ శక్తిగలవి మిగిలి వానిలో వానికే సంతతి కలుగును. మరల చల్లుదురు, మరల అవియే మిగులును. ఇట్లు కొలది యేండ్లలో ఏ మందునకును లొంగని జాతిని మనమే ఏరి పెంచినట్లయినది. 1987-88 పైరుకాలమున ఆంధ్ర తీరప్రాంతపు పత్తిచేలనుండి తెచ్చిన పురుగులను శాస్త్రజ్ఞులు పరీక్షించి, అవి పైరిత్రాయిడ్లకు లొంగుటలేదని తేల్చిరి. శాస్త్రజ్ఞులు కనుగొనకముందే రైతునకు అది తెలియును. డబ్బా మార్చెను, మోతాదు పెంచెను, రెండు మందులు కలిపి చల్లెను. పురుగు కదలలేదు.

అప్పటి పల్లెలలో ఏ పురుగునకు ఏ మందు చల్లవలెనో చెప్పువాడు తరచుగ పురుగుమందుల కొట్టు యజమానియే. అరువు ఇచ్చువాడును అతడే. పండిన పత్తిని కొనువాడును ఒక్కొక్కచోట అతడే. కౌలుకు చేసినవానికి సొంత భూమి లేదు గనుక బ్యాంకు అప్పు దొరకదు. కౌలు ముందుగనే చెల్లింపవలెను. వైద్యుడు, ఋణదాత, వర్తకుడు ముగ్గురును ఒక్కడే అయినచోట రోగి యేమగునో చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరము ప్రకాశము, గుంటూరు జిల్లాలలో పత్తి రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. వారిలో కౌలుదారులు పెక్కురు. కొందరు పురుగును చంపలేకపోయిన ఆ మందునే త్రాగిరి. పదేండ్ల పిదప 1997-98లో వరంగల్లు జిల్లాలో ఇట్టిదే మరల జరిగినది.

జీవవైవిధ్యము నశించినచో ఏమగునని పిల్లలు అడిగినప్పుడు ధ్రువప్రాంతపు ఎలుగుబంటి కథ చెప్పనేల? చిలకలూరిపేట చుట్టుపట్ల జరిగిన ఈ కథ చాలును.

2002లో బి.టి. పత్తికి అనుమతి లభించెను. కాయతొలుచు పురుగును చంపు విషము మొక్కలోనే తయారగునట్లు ఒక సూక్ష్మజీవి గుణమును అందు చేర్చిరి. కొన్ని యేండ్లు మందుల ఖర్చు నిజముగనే తగ్గెను. కాని సర్వత్ర ఒకే ఆయుధమును వాడుటచే గులాబీరంగు పురుగు దానికిని అలవాటుపడెను. గుజరాతులో 2010 నాటికే మొదటి తరపు బి.టి. పత్తిపై ఆ సంగతి బయటపడెను. తరువాత రెండవ తరపు పత్తియందును అట్లే యయ్యెను. దేశములోని పత్తిచేలలో తొంబది పాళ్ళకు మించి నేడు సంకర బి.టి. పత్తియే. దేశవాళీ పత్తి విత్తనము కావలసిన రైతు ఎక్కడ వెదకవలెను?

మిరపకును ఇట్టి దశయే పట్టినది. మిరప రైతునకు పైముడత, కిందిముడత అను రెండు బాధలు ప్రాతవే. ఆకు పైకి దోనెవలె ముడుచుకొనినచో తామరపురుగు, క్రిందికి ముడుచుకొనినచో నల్లి యని చూచినంతనే చెప్పగల అనుభవము గుంటూరు రైతునకు కలదు. 2021-22లో వచ్చినది వేరొక తామరపురుగు. ఇది నల్లనిది, ఆకును విడిచి పూవులో చేరును. 2015లో బెంగళూరున బొప్పాయిపై దీనిని మన దేశమున తొలిసారి గుర్తించిరి. ఆగ్నేయాసియా నుండి వచ్చిన ఈ పురుగునకు ఇచ్చటి చేలలో సహజ శత్రువులు సిద్ధముగ లేవు. ఉన్న కొద్దిపాటి మిత్రకీటకములను మందులు మిగుల్చలేదు. పూత రాలి, కాయ నిలువక, ఎకరమునకు లక్షలు పెట్టిన తోటలను రైతులు దున్నివేసిరి. ఈ మారు శాస్త్రజ్ఞులు తొలినుండియు విచ్చలవిడిగ మందు చల్లవద్దని చెప్పుచు, నీలిరంగు జిగురు అట్టలు కట్టుమనియు, వేపనూనెను, పురుగునకు రోగము తెచ్చు మేలు బూజును వాడుమనియు ఉపదేశించిరి. నలువది యేండ్ల పాఠము పరిశోధన కేంద్రములవారి తలకెక్కినది. అది కొట్టు వద్దకు ఇంకను పూర్తిగ చేరలేదు.

చేనిలో జొన్న పోవుటవలన పోయినది తిండిగింజ మాత్రమే కాదు. జొన్నచొప్ప లేనిదే ఒంగోలు ఎద్దు లేదు. నందికేశ్వరుని శిలావిగ్రహమును చూచినవారికి ఆ మూపురము, ఆ గంగడోలు, ఆ తెల్లని మేను ఏ గిత్తను చూచి మలచిరో వివరింప పనిలేదు. ‘బసవ’ శబ్దము వృషభ శబ్దమునుండి పుట్టినదే. ఈ జాతి నిలిచి యుండుటకు ఒకప్పుడు దేవునికి అచ్చువేసి విడుచు ఆచారము ముఖ్య కారణము. ఊరిలోని దూడలలో మేలైనదానిని పెద్దలు ఎంచి, ముద్ర వేసి విడిచెడివారు. దానిని ఎవ్వరును కట్టరాదు, కొట్టరాదు, ఏ చేనిలో మేసినను అడ్డగింపరాదు. ఊరి ఆవులకన్నిటికిని అది విత్తనపు కోడె. ‘అచ్చోసిన ఆంబోతు’ అను మాట నేడు తిట్టుగ మిగిలినది. నాడు అది జాతిరక్షణకు ఊరంతయు కలసి చేసికొన్న ఏర్పాటు. శాస్త్రజ్ఞులు నేడు జన్యురక్షణ మనుచున్నది దాదాపు ఇదియే.

వాణిజ్యపంటలు వచ్చి చొప్ప కరవయ్యెను. ట్రాక్టరు వచ్చి ఎద్దుతో పని తీరెను. సముద్రమునకు ఆవల బ్రెజిలు దేశమున మాత్రము ఈ పశువుల సంతతి కోట్లకు పెరిగి ఆ దేశపు పశుసంపదకు వెన్నెముకయైనది. అచ్చట దానిని ‘నెలోర్’ అందురు. అది నెల్లూరే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడు వరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. మిరపను, పొడవు పోగు పత్తిని ఇచ్చిన ఖండమునకు మనము ఒంగోలు గిత్తను ఇచ్చితిమి. వారు దానిని దాచుకొనిరి. ఇచ్చట గుంటూరు వద్ద లాం పశు పరిశోధన కేంద్రమును, బండలాగుడు పందెములకై మక్కువతో పెంచు కొందరు రైతులును లేకున్నచో పరిస్థితి ఇంకను హీనమై యుండును.

ఒక జాతి పోయినచో ఇంకొకటి కలదు గదా యనువారు కలరు. వారికి రెండు ఉదాహరణములు చాలును. పంజాబు, హర్యానా రాష్ట్రములలో 2015లో తెల్లదోమ విజృంభించి అమెరికను జాతి పత్తిని నాశనము చేసినప్పుడు దేశవాళీ పత్తి మాత్రము నిలిచినది. తెల్లదోమ మోసుకొనివచ్చు ఆకుముడత తెగులు ఆ జాతికి సోకదు. రేపటి పత్తికి ఆ గుణము కావలసినచో దానిని ఈ ప్రాతమొక్క నుండియే తీసికొనవలెను. రెండవది శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరు. దానికి ఆ ప్రాంతపు దేశవాళీ కొండపత్తి, ఎర్రపత్తి కావలెను. ఆ దూదిని శుభ్రపరచుటకు వాలుగ చేప దవడ ఎముక కావలెను; దాని సన్నని పండ్లకు సాటి వచ్చు దువ్వెనను ఏ కర్మాగారమును చేయలేదు. కొండమీది పత్తి, నీటిలోని చేప, స్త్రీల చేతిలోని రాట్నము కలిసినగాని ఆ పంచె రాదు. చేప కనుమరుగైనచో నేతకూడ కనుమరుగగును.

మరల చేలకు ప్రాణము పోయు యత్నములు జరుగకపోలేదు. ఖమ్మము ప్రాంతమున పునుకుల గ్రామస్థులు 2003 నాటికి పురుగుమందులను పూర్తిగ మానివేసి పత్తి పండించి చూపిరి. ఆ త్రోవను మహిళా సంఘములు పలు జిల్లాలకు వ్యాపింపజేసెను. 2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యమున ప్రకృతి వ్యవసాయము నడచుచున్నది. 2024లో దానికి పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ పురస్కారము లభించెను. అందు ఒక పద్ధతి మన పెద్దల ఆచారమును తలపించును. తొలకరికి ముందే జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అలసంద, నువ్వు, ఆముదము మున్నగు పలు విత్తనములను కలిపి చేనిలో చల్లుదురు. దానిని నవధాన్యముల విత్తుట యందురు. నేల ఖాళీగ నుండదు. పశువులకు మేత లభించును. మిత్రకీటకములకు నీడ లభించును. పత్తి నడుమ కంది, చుట్టును రెండు మూడు వరుసల జొన్న, అక్కడక్కడ బంతి, ఆముదము వేసి, పక్షులు వ్రాలుటకు కొయ్యలు నాటుట పరిశోధన కేంద్రములవారును చెప్పుచున్నదే. దిగుబడి తగ్గునేమో యను భయము రైతునకు కలదు. అది నిరాధారమని కొట్టివేయుట న్యాయము కాదు. తొలి యేడు రెండేండ్లు కష్టముగ నుండునని చేసినవారే చెప్పుదురు. ఆ కాలమున కౌలురైతును ఆదుకొనువారు లేనిచో అతడు మరల కొట్టుకే పోవును. భూమి గలవారు, మఠములకు మాన్యములు గలచోట్ల మఠాధిపతులు, కౌలు ఒప్పందమున ఒక మూల ఎకరమునైనను ఈ విధముగ చేయువానికి ఆ భాగపు కౌలు తగ్గించుట అసాధ్యము కాదు.

చట్టము చేతికిచ్చిన పని యొకటి కలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానికసంస్థయందును ఒక యాజమాన్య సంఘముండవలెను. ఆ సంఘము ఊరి ప్రజలతో కలసి జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయవలెను. ఊరి పంటలు, ప్రాత విత్తన రకములు, చెట్లు, మందుమొక్కలు, పశువుల జాతులు, చెరువు చేపలు, పక్షులు, పురుగులు అన్నియు స్థానికమైన పేళ్ళతో అందు నమోదు కావలెను. పెక్కుచోట్ల ఆ పుస్తకమును బయటివారు రెండు దినములలో నింపి పోవుచున్నారు. పచ్చజొన్నకును తెల్లజొన్నకును చొప్పలో భేదమేమి, వరిగను ఏ కార్తెలో చల్లెడివారు, ఎరుపు డాలు పత్తిని ఎవరి చేనిలో చివరిసారి చూచిరి అను సంగతులు చెప్పగలవారు ఇప్పుడు ఎనుబదికి చేరువలో నున్నారు. శివరాత్రికో బసవ జయంతికో మఠమున వారందరు కూడుదురు. బడిపిల్లలు నలుగురు కాగితము, కలము పట్టుకొని వారి ప్రక్కన కూర్చుండినచో ఒక్క మధ్యాహ్నమున రిజిస్టరులో సగము పుటలు నిండును.